లోవరాజును చూడవచ్చినవాళ్ళు

జూన్ 11

డాక్టరు రజియాగారు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మా తమ్ముడు లోవరాజు ఏం మరిచిపోతున్నాడో, ఎలా తింటున్నాడో, ఎలా నడుస్తున్నాడో తేదీలు వేసి రాసిపెట్టమన్నారు. "నోటితో చెబితే ఇద్దరం మరిచిపోతాం మంగతాయారుగారూ, రాసి ఉంటే నాకు పనికొస్తుంది" అన్నారు మా ఇంటి గోడకున్న వీడియో తెరలోంచి. ఆవిడ కాకినాడలో ఉంటారు. నేరుగా నేనెప్పుడూ చూడలేదు.

ఇవాళ మరిచిపోయింది రాట్నం. మా మగ్గానికి నూలు కండెలు చుట్టేది చిన్నప్పటి నుంచీ వాడే. పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు, పిడి పట్టుకున్నాడు, అలాగే ఉండిపోయాడు.

"ఏవైందిరా?" అన్నాను మగ్గం గుంటలోంచి.

"ఇది ఎటు తిప్పాలక్కా?"

లేచి వెళ్ళి తిప్పి చూపించాను. నవ్వి మొదలుపెట్టాడు. కానీ నూలు వదులుగా చుట్టాడు. పోగును అటూ ఇటూ దాటించే నాడెలో పెడితే కండెంతా జారి చిక్కుపడిపోయింది. వాడి ముందు విప్పలేక కొంగులో దాచుకున్నాను.

వాడు ఒక క్రోమోజోము ఎక్కువతో పుట్టాడు, బుద్ధి పసిపిల్లాడిదే. ఇప్పుడు నలభై రెండేళ్ళు. నాకంటే ఆరేళ్ళు చిన్న.

సాయంత్రం పోటు ఎక్కువగా ఉందని సైరన్ వేసి సముద్రపు గోడ తలుపులు మూశారు. మేము పుట్టిన ఉప్పాడ ఆ గోడకి అవతల నీళ్ళలో ఉంది. ఇది కొత్త ఉప్పాడ. సైరన్ వినగానే లోవరాజు కాళ్ళు రెండూ మంచం మీదకి లాక్కున్నాడు, నన్ను కూడా ఎక్కమన్నాడు. అది మరిచిపోలేదు.

జూన్ 23

ఆరోగ్య కేంద్రం నుంచి నెత్తురు పరీక్షించే పలక వచ్చింది. అరచేతిలో పడుతుంది. నిజానికి అది కడుపుతో ఉన్నవాళ్ళ కోసం చేసింది. పదో వారంలో వేలు గుచ్చుకుని ఒక చుక్క వేస్తే చాలు. బిడ్డ తాలూకు మాయ నుంచి తల్లి నెత్తురులోకి ఏవేవో ప్రొటీన్లు దిగుతాయట. ఏవి పెరిగాయో, ఏవి తగ్గాయో పలక చదివి, కడుపులో ఉన్నది లోవరాజు లాంటి బిడ్డో కాదో చెబుతుంది. పొట్ట ఎత్తు కనపడక ముందే సంగతి తెలిసిపోతుంది. ఆ పలక ఇంటింటికీ వచ్చాక లోవరాజు లాంటివాళ్ళు పుట్టడం దాదాపు ఆగిపోయింది. మా జిల్లాలో ఇప్పుడు వీడొక్కడే.

అదే పలక మరుపు తాలూకు ప్రొటీన్లు కూడా చదువుతుందని రజియాగారు పంపించారు. వేలు గుచ్చితే "సీమ కుట్టిందే" అని నా వైపు కోపంగా చూశాడు.

గంట తరవాత ఆవిడ తెర మీదకి వచ్చారు.

"అనుకున్నదే అండి. నలభై దాటితే వీళ్ళలో చాలామందికి వస్తుంది. మనందరికీ ముసలితనంలో వచ్చే మరుపే. వీళ్ళకి తొందరగా వస్తుంది, తొందరగా ముదురుతుంది."

"ముసలోళ్ళకి మందుందంటారు కదండీ. మా వీధిలోనే ఇద్దరు వేసుకుంటున్నారు."

"అది వీళ్ళకి పడదండి. మెదడులో నెత్తురు చిమ్ముతుంది. వీళ్ళకని వేరే మందు ఒకటి తయారుచేయడం మొదలుపెట్టారు. సగంలో ఆపేశారు."

"ఎందుకాపేశారు?"

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వేసుకునేవాళ్ళు ఉండరని."

లోవరాజుకి అన్నంలో పెరుగు వేసి ఇచ్చాను. వాడే కలుపుకుని తిన్నాడు. ఇది కూడా రాయమన్నారు కదా, అందుకని రాశాను.

జులై 6

ఇవాళ చూపులు.

ఆ మాట లోవరాజుది. పలక మీద సంగతి తెలిసిన దంపతుల్ని, వాళ్ళు కోరితే, కేంద్రంవాళ్ళు మా ఇంటికి పంపుతారు. ఈ కాలం పిల్లలు ఇలాంటి మనిషిని పుట్టి బుద్ధెరిగి చూసి ఉండరు. అలాంటి ఒక్క మనిషినీ చూడకుండా బిడ్డను ఉంచుకోవాలో వద్దో నిర్ణయం తీసుకోవడం ఎలా అని అడిగేవాళ్ళు ఏడాదికి నలుగురైదుగురు ఉంటారు. మమ్మల్ని దేనికీ ఒప్పించవద్దన్నారు, ఏదీ దాచవద్దన్నారు. ఎవరో వస్తారు, చూసుకుంటారు, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. దాంతో లోవరాజు దాన్ని పెళ్ళిచూపులనే అనుకున్నాడు. పౌడరు రాసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళని నవ్వించేవాడు. వాళ్ళు కళ్ళు తుడుచుకుని మరీ నవ్వేవాళ్ళు. అయినా వాళ్ళలో ఎవరూ బిడ్డను ఉంచుకోలేదు. నాకు కోపం లేదు. నవ్వించినంత మాత్రాన ఒక జీవితకాలం పెంచమని ఎవరిని అడగగలం?

ఇవాళ వచ్చినవాళ్ళు సామర్లకోటవాళ్ళు. అమ్మాయి పేరు వైదేహి, కాలవ నీళ్ళలో ఉప్పు కొలిచే ఉద్యోగం. భర్త శ్రీకర్ బడిలో మాస్టారు.

పొద్దున్నుంచీ లోవరాజుకి బాగాలేదు. చొక్కా తిరగేసి తొడుక్కుని, మారుస్తానంటే చెయ్యి విదిలించాడు.

"నీ పేరేంటి?" అని అడిగాడు ఆ అమ్మాయిని.

"వైదేహి."

"నీ పేరేంటి?"

"వైదేహి అండి."

మళ్ళీ అడిగాడు, ఆ పైన ఇంకోసారి. ఆ అమ్మాయి ప్రతిసారీ కొత్తగా అడిగినట్టే చెప్పింది. శ్రీకర్ నేల చూపులు చూస్తున్నాడు. ఇంతలో లోవరాజు కూర్చున్నచోటే తడిపేసుకున్నాడు. ఎప్పుడూ అలా చేయలేదు. వాడికే అర్థంకాక కిందికి చూసి ఏడుపు మొదలెట్టాడు. లోపలికి తీసుకెళ్ళి కడిగి లుంగీ కట్టి తీసుకొచ్చేసరికి శ్రీకర్ వీధిలో నిలబడి ఉన్నాడు. వైదేహి గోనెసంచి తెచ్చి నేల తుడుస్తోంది.

"అయ్యో, నువ్వెందుకమ్మా!" అని గుంజుకున్నాను.

"మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు నేనే చేశానండి. కొత్తేం కాదు" అంది.

వెళ్ళేటప్పుడు శ్రీకర్ నాకు దణ్ణం పెట్టి, "క్షమించండి, నావల్ల కాలేదు" అన్నాడు. చెడ్డవాడు కాదు.

జులై 29

వైదేహి ఒక్కతే వచ్చింది. ఇలా రెండోసారి వచ్చినవాళ్ళు ఇంతవరకూ లేరు.

సూది గుచ్చి మాయలోంచి చిన్న ముక్క తీసి కూడా చూశారట. పలక చెప్పింది నిజమే. ఉంచుకుంటారో లేదో పదహారో వారం లోపల చెప్పమన్నారట. నేను నేస్తుంటే గుంట పక్కన కూర్చుంది. లోవరాజు గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు.

"మిమ్మల్నొకటి అడగొచ్చా అండి? మీ అమ్మగారికి ముందే తెలిసుంటే?"

"మా అమ్మకి అప్పట్లో ఎవరూ సెప్పలేదు. పుట్టాక కూడా ఏడాదిదాకా సెప్పలేదు. తెలిసుంటే ఏం సేసేదో నాకు తెలీదమ్మా. తెలుసని అంటే అబద్ధం."

"మీరు పెళ్ళెందుకు చేసుకోలేదు?"

"రెండు సమ్మంధాలొచ్చాయి. ఈణ్ణి సూసి ఎనక్కెళ్ళిపోయారు. మూడోది కుదిరేదే. ఈణ్ణి ఎక్కడైనా పెట్టి రమ్మన్నాడు. నేనెళ్ళలేదు."

"బాధపడ్డారా?"

"పడ్డాను. ఇప్పుడు కూడా ఒక్కోసారి పడతాను. ఇంకో సంగతి కూడా ఇను. ముప్పై ఏళ్ళకి పైగా ఆడు నా పక్కన కూకుని కండెలు సుట్టాడు. ఒక్కరోజు కూడా నేను ఒంటరిదాన్నని అనుకోలేదు. రెండూ నిజవే. ఏది బరువో నన్నడక్కు, నేను తూచలేదు."

లోవరాజు లేచి, ఆమెను చూసి, జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. నలిగిపోయి, జేబు నూలుపోగులు అంటుకుని ఉంది. తీసుకుని తినేసింది.

ఆగస్టు 15

వైదేహి తెర మీద పిలిచింది. బిడ్డను ఉంచుకుంటానని చెప్పేసిందట.

నాకు సంతోషం వేస్తుందనుకున్నాను. భయమే వేసింది. "అమ్మా, మమ్మల్ని సూసి కాదు కదా?" అన్నాను.

"మిమ్మల్ని చూసే అండి. భయపడతారని తెలుసు. నాకూ భయంగానే ఉంది. మా అత్తగారు మాట్లాడటం మానేశారు. ఆయన మాట్లాడుతున్నారు గాని, కాలవలో ఉప్పెంతుందని, కూరలో ఏం వేశావని అడుగుతారు. ఇది తప్ప అన్నీ మాట్లాడతారు."

"మరెందుకమ్మా?"

"ఏమోనండి. వద్దనుకుందామని ప్రయత్నించాను. కుదరలేదు."

లోవరాజు ఇవాళ అన్నం పళ్ళెంలో చెయ్యి పెట్టి ఏం చేయాలో తెలియక కూర్చున్నాడు. నేనే తినిపించాను.

సెప్టెంబరు 18

ఈ నెలలో లోవరాజుకి రెండుసార్లు మూర్ఛ వచ్చింది. రజియాగారు బిళ్ళలు పంపారు. రాట్నం తీసి అటక మీద పెట్టేశాను. అది కంటపడితే చాలు, దాని ముందు కూర్చుని ఏడుస్తున్నాడు.

పొద్దున్న మొహం కడుగుతుంటే నా చెయ్యి పట్టుకుని మర్యాదగా అడిగాడు, "మా అక్కేదండీ?"

"నేనేరా."

"కాదండి. మా అక్క. మగ్గం నేస్తది."

నేను మగ్గంలోకి దిగి కూర్చుని నాడె విసిరాను. చూశాడు. "ఆఁ, అక్కా" అన్నాడు. అప్పటి నుంచి వాడు అడిగినప్పుడల్లా వెళ్ళి గుంటలో కూర్చుంటున్నాను. పోగు ఉన్నా లేకపోయినా.

మధ్యాహ్నం వైదేహి వచ్చింది. పొట్ట కాస్త కనిపిస్తోంది. లోవరాజు వేలు పెట్టి చూపించాడు.

"ఇందులో ఎవరున్నారు?"

"నీలాంటి పాప ఉందన్నయ్యా."

వాడు ఆలోచించాడు. "నాలాగా? అయితే ఆకలేత్తది. అన్నం ఎట్టు." వంటింటి వైపు తిరిగి గట్టిగా అరిచాడు, "అక్కా, పాపకి అన్నం!"

ఆ అమ్మాయి నవ్వీ నవ్వీ నడుము పట్టుకుని కూర్చుంది. చాన్నాళ్ళకి నేనూ నవ్వాను. ఇద్దరికీ వడ్డించాను.

అక్టోబరు 27

ఎనిమిది రోజులుగా వైదేహి దగ్గర నుంచి పిలుపు లేదు. ఇవాళ మధ్యాహ్నం కాలవ పడవ దిగి వచ్చింది. గుమ్మంలో చూడగానే తెలిసిపోయింది.

పాప నిలవలేదు. ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందట. ఇలాంటి బిడ్డలు ఒక్కోసారి నెలలు నిండకుండానే పోతారని, ఎవరి తప్పూ కాదని ఆసుపత్రిలో చెప్పారట. పలక ఆ మాట చెప్పదు.

మంచం మీద కూర్చోబెట్టాను. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఇంట్లో ఏడవడానికి లేదండి" అంది. "అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా అత్తగారు నాతో మాట్లాడారు, రెండు నెలల తరవాత. పోనీలే తల్లీ, దేవుడే దారి చూపించాడు అన్నారు. గుడికెళ్ళి కొబ్బరికాయ కొట్టొచ్చారు. పక్కింటావిడ కూడా, బతికిపోయావు అంది."

"మీ ఆయన?"

"నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. కానీ ఆ రాత్రి హాయిగా నిద్రపోయారండి. జులై నుంచీ ఆయనకి నిద్ర లేదు. పక్కన పడుకుని ఆ గురక వింటూ ఉన్నాను. తప్పు పట్టలేను. కానీ విన్నాను."

అన్నం పెట్టుకొచ్చాను, తినలేదు. అక్కడే పడుకుని సాయంత్రం పడవ దాకా నిద్రపోయింది. లోవరాజు ఆమె ఎవరో గుర్తుపట్టలేదు. తన దుప్పటి మాత్రం తెచ్చి కాళ్ళ మీద పడేసి వెళ్ళాడు.

నవంబరు 16

లోవరాజుకి మింగుడు పడటం లేదు. నీళ్ళు తాగినా పొలమారుతోంది. గంజి గట్టిగా కాచి, చెంచాతో కొద్దికొద్దిగా పోస్తున్నాను. సగం బయటికే వస్తోంది. నడక ఆగిపోయింది. మాట కూడా దాదాపు లేదు.

ఆదివారాలు వైదేహి వస్తోంది. నేను రమ్మనలేదు, వద్దనలేదు. తను గంజి పోస్తుంటే నేను బట్టలు ఉతుకుతాను.

ఇవాళ రజియాగారు తెర మీద ఉండగా తనూ ఉంది. "కాకినాడ తీసుకొస్తే పొట్టలోకి గొట్టం వేయొచ్చు. ఇంకొన్ని నెలలు బతుకుతాడు" అన్నారు ఆవిడ.

"ఆ నెలల్లో మా వోడికి నేను గుర్తొస్తానాండి?"

"రారు."

"గొట్టం పీకేసుకోకుండా సేతులు కడతారా?"

ఆవిడ "కట్టాల్సి రావచ్చు" అన్నారు. "మంగతాయారుగారూ, నేను ఇంతవరకూ ఇలాంటి మనిషిని ఈ దశలో చూడలేదండి. మాకు నేర్పినవాళ్ళూ చూడలేదు. పాత పుస్తకాలు చదివి చెబుతున్నాను. మీరెలా అంటే అలా."

ఇంట్లోనే ఉంచుతానన్నాను. తెర ఆరిపోయాక వైదేహి వైపు తిరిగి, "సెప్పు, తప్పు సేశానా?" అని అడిగాను. తను చెంచా పక్కన పెట్టి, "నాకు తెలీదండి. నేనైనా అదే అంటాను" అంది.

డిసెంబరు 7

పొద్దున తొమ్మిదింటికి లోవరాజు పోయాడు. ఎండ మంచం మీదకి వచ్చింది. మొహం తుడుస్తున్నాను. నిన్నటి నుంచి గుర్రుమంటున్న ఊపిరి కాస్త తేలికైంది. తగ్గిందనుకున్నాను. తడిగుడ్డ పిండుకుని మళ్ళీ తిరిగేసరికి లేదు.

చెవి వెనక ఇంకా తుడవలేదు. తుడిచేశాను.

డిసెంబరు 16

ఇక రాయనక్కర్లేదని రజియాగారు అన్నారు. ఆవిడ స్వయంగా కాకినాడ నుంచి వచ్చారు, తెరలో కనిపించే దానికంటే పొట్టి మనిషి. చాలాసేపు కూర్చున్నారు. రాసినవన్నీ తీసుకెళ్ళారు, ఎవరికైనా పనికొస్తాయని. ఎవరికో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇవాళ్టిది మాత్రం నాకోసం రాస్తున్నాను.

ఈ పది రోజులూ వీధిలోవాళ్ళు వచ్చిపోతూనే ఉన్నారు. మంచివాళ్ళే, వంతులేసుకుని అన్నం తెచ్చారు. కానీ అందరిదీ ఒకటే మాట. వాడికి విముక్తి, నీకూ విముక్తి. ఇన్నాళ్ళూ చేశావు, ఇప్పుడైనా నీ ఒళ్ళు చూసుకో. తలూపాను. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. రాకపోవడం చూసి, నిబ్బరం గలదని కూడా అన్నారు.

ఇవాళ పదోరోజు. పోటు తగ్గాక గోడ తలుపు తీయించి, మెట్ల కింద ఇసుక మీద కార్యం పెట్టారు. వైదేహి వచ్చింది. శ్రీకర్ కూడా వచ్చాడు గాని కిందికి దిగలేదు, గోడ మీదే నిలబడ్డాడు.

ధర్మోదకాలు వదిలే వేళకి పంతులుగారు ఒక్కొక్కరినీ పిలుస్తూ వరస అడుగుతున్నారు. నాది అయింది. చుట్టాలు నలుగురు వదిలారు. వైదేహి ముందుకి వచ్చింది.

"మీరేమవుతారమ్మా?"

తను నా వైపు చూసింది. "చెల్లెలు" అన్నాను నేను.

నువ్వులు, నీళ్ళు దోసిట్లో పోయించుకుని వదిలింది. కానీ లేవలేదు. అక్కడే మోకాళ్ళ మీద ఉండి, మెల్లిగా అడిగింది, "ఇంకొకరికి కూడా వదలొచ్చా అండి?"

"ఎవరికమ్మా?"

"మా పాపకి."

"ఎప్పుడు పోయింది? ఎన్నేళ్ళు?"

"పుట్టలేదండి."

పంతులుగారు పెద్దాయన, డెబ్బై దాటినవాడు. "పుట్టని బిడ్డకి ఇవి లేవమ్మా" అన్నారు. గట్టిగా అనలేదు. "శాస్త్రంలో లేదు. నేనేం చేయను?"

నాకు అప్పటిదాకా ఎక్కడ ఉందో తెలియని కోపం వచ్చింది, ఆయన మీద కాదు. "మంత్రం వద్దు లెండి పంతులుగారూ. నీళ్ళే కదండీ. ఎదరంతా నీళ్ళే" అన్నాను.

ఆయన చెంబులోకి చూశారు, సముద్రం వైపు చూశారు. చెంబు నా చేతికి ఇచ్చారు. "నేను కాళ్ళు కడుక్కొస్తాను" అని అటు తిరిగి నడిచారు.

వైదేహి దోసిట్లో నేను నీళ్ళు పోశాను. వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి.

"పేరు అనుకున్నావా అమ్మా?"

"అనుకున్నానండి. ఎవరికీ చెప్పలేదు."

"సెప్పు."

"కుముదిని" అంది. నోరు తెరిచాక ఆ పేరు ఆగలేదు. మళ్ళీ అంది, గట్టిగా అంది, గోడ మీదకి వినపడేలా అంది. దోసిలి ఎప్పుడు ఖాళీ అయిందో చూసుకోలేదు. నేను తన భుజం పట్టుకుందామని వంగాను. లోవా, అని ఎవరో పిలుస్తున్నారు. అది నా గొంతేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. ఇసుకలో ఇద్దరం కూర్చుని ఏడ్చాం. ఎవరూ ఆపలేదు.

పంతులుగారు నీళ్ళ అంచున నిలబడి ఉన్నారు, వెనక్కి తిరగలేదు. పోటు మళ్ళీ మొదలవుతోందని గోడ మీద సైరన్ వేశారు. శ్రీకర్ చెప్పులు విడిచి, ఒక్కొక్క మెట్టే కిందికి దిగి వస్తున్నాడు.